మెడికల్ కాలేజీలో క్లినికల్ రీసెర్చ్ ఆఫీసు: ఎలా నిలబెట్టాలి, ఎక్కడ తేడా కొడుతుంది

టీచింగ్ హాస్పిటల్లో రోగులకు కొదవ లేదు, పరిశోధన చేయాలన్న ఉత్సాహం ఉన్న డాక్టర్లకూ కొదవ లేదు. అయినా ఎన్నో ట్రయల్స్ (మందులనూ చికిత్సలనూ రోగుల మీద పరీక్షించే స్టడీలు) మధ్యలోనే చతికిలబడతాయి. ప్రొఫెసరుకు ఓపీ, రౌండ్లు, పీజీల క్లాసులు పోగా మిగిలే సమయంలో రోగుల సమ్మతి తీసుకోవడం, శాంపిళ్లు పంపడం, ఫారాలు నింపడం, ఎథిక్స్ కమిటీకి (స్టడీలో రోగుల హక్కులు, భద్రత చూసే సంఘం) ఉత్తరాలు రాయడం కుదిరే పని కాదు. ఈ పనులు తెలిసిన మనుషుల్ని, ఒక స్టడీ ముగిసినా చేజారిపోకుండా నిలుపుకోవడమే అసలైన రీసెర్చ్ సపోర్ట్. గదులూ ఫ్రీజర్లూ ఆ తర్వాతే.

కాబట్టి మొదట ఈ పనులన్నీ చూసే కోఆర్డినేటర్ల సంగతి. మామూలుగా స్పాన్సరు (స్టడీ చేయించే మందుల కంపెనీ లాంటి సంస్థ) డబ్బుతో ఒకరిని పెట్టుకుంటారు. స్టడీ అయిపోగానే జీతం ఆగుతుంది, పని నేర్చిన మనిషి కంపెనీల తరఫున ట్రయల్స్ నడిపే ఏ సీఆర్‌ఓకో వెళ్లిపోతారు, వచ్చే స్టడీకి మళ్లీ ఓనమాల నుంచి మొదలు. దీనికి ఒకటే మందు: జీతం కాలేజీ ఉమ్మడి నిధి నుంచి ఇవ్వండి, ఏ స్టడీకి ఎన్ని గంటలు పనిచేశారో లెక్క రాయించి ఆ స్టడీ బడ్జెట్ నుంచి నిధికి జమ చేయించుకోండి. ఇద్దరితో మొదలుపెట్టవచ్చు. రోగుల్ని చేర్చుకుంటున్న స్టడీలు ఒక్కొక్కరికి రెండు, మరీ అయితే మూడు. అంతకు మించితే మొదట దెబ్బతినేది రికార్డే. ఫార్మ్-డీ (ఫార్మసీలో డాక్టరేట్ కోర్సు) చేసినవాళ్లూ ఈ పని బాగా చేస్తారు కానీ, ఇద్దరిలో ఒకరైనా నర్సింగ్ చదివినవారుంటే మంచిది. రక్తం తీయగలరు, వార్డు సిస్టర్లతో ఇట్టే మాట కలుస్తుంది. ఎవరు సెలవు పెట్టినా రెండోవారు ఆ స్టడీ నడపగలిగేలా ఏ పని ఎవరు చేయవచ్చో రాసే డెలిగేషన్ లాగ్‌లో ఇద్దరి పేర్లూ ముందే ఉండాలి.

కొత్త స్టడీ ఒప్పుకునే ముందు లెక్క చూడండి. "ఇలాంటి కేసులు నెలకు ఇరవై వస్తాయి" అన్న డాక్టరుగారి అంచనాను నమ్ముకోవద్దు. ట్రయల్ మొదలవగానే తగిన రోగులు మాయమవుతారన్న పరిశీలనకు అమెరికన్ ఫార్మకాలజిస్టు లూయీ లసాన్యా పేరే స్థిరపడిపోయింది. గత ఆరు నెలల కేస్ షీట్లు ముప్పై తీసి, ప్రోటోకాల్‌లోని (స్టడీ ఎలా నడపాలో రాసిన పత్రం) అర్హత షరతులు ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) ఎక్కువని, వేరే మందు వాడుతున్నారని, ఊరు దూరమని పోగా ఎందరు మిగిలారో ఆ సంఖ్యే స్పాన్సరుకు చెప్పండి.

బడ్జెట్‌లో తరచూ వదిలేసేవి స్క్రీనింగ్‌లో (చేర్చుకునే ముందు చేసే పరీక్షల్లో) అర్హత లేదని తేలిన రోగుల పరీక్షల ఖర్చు, షెడ్యూల్లో లేని విజిట్లు, ఫార్మసీ పని, రికార్డుల భద్రత. స్టడీ మొదలవకుండానే ఆగిపోయినా తిరిగి ఇవ్వనక్కరలేని స్టార్టప్ మొత్తాన్ని ఒప్పందంలో రాయించుకోండి.

అనుమతుల విషయానికొస్తే, 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం కొత్త మందుల ట్రయల్స్ చూసే ఎథిక్స్ కమిటీ సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) దగ్గర రిజిస్టరై ఉండాలి. గడువు 5 ఏళ్లు, రెన్యువల్‌కు 90 రోజుల ముందే దరఖాస్తు చేయాలి. కనీసం 7గురు సభ్యులు, వారిలో కనీసం సగం మంది సంస్థతో సంబంధం లేని బయటివారు, ఛైర్మన్ కూడా బయటివారే. సమావేశం చెల్లడానికి కావలసిన కోరం 5గురు. న్యాయవాదో సామాన్య సభ్యుడో రాకపోవడంతో సమావేశాలు వాయిదా పడుతుంటాయి. ప్రతి నెలా ఒకే తేదీ ఖాయం చేసి, ఈ స్థానాలకు ప్రత్యామ్నాయ సభ్యుల్ని ముందే నియమించుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే ప్రభుత్వ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ అయిపోవాలి. 2018 ఏప్రిల్ నుంచి వెనక తేదీ రిజిస్ట్రేషన్లు తీసుకోవడం లేదు. పీజీ థీసిస్ ట్రయల్ అయినా అంతే.

సమ్మతి దగ్గర తొందర పనికిరాదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకాలు వేసిన ప్రాజెక్టులో తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన పత్రాలు బయటపడ్డాయి. 2010లో ఆ ప్రాజెక్టు ఆగింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. మన ప్రాంతంలో ఈ పనిచేసే ప్రతి ఒక్కరికీ ఇది తెలిసి ఉండాలి. సమ్మతి పత్రం చదివి వినిపించాక సంతకం అడగకండి, ముందు ప్రశ్నలు అడగండి: "అమ్మా, మీరు వద్దంటే ఇక్కడ మీ వైద్యం ఆగిపోతుందా?" "ఏ మందు వస్తుందో ఎవరు నిర్ణయిస్తారు?" జవాబు తడబడితే మళ్లీ వివరించాలి, లేదా ఇంటికెళ్లి ఆలోచించుకుని రమ్మనాలి. చదవలేనివారికి స్టడీతో సంబంధం లేని సాక్షి మొదటినుంచీ పక్కనే ఉండాలి, చివర్లో పిలిపించి సంతకం పెట్టించడం కాదు. తేదీతోపాటు సమయం కూడా రోగి చేత్తోనే రాయించండి. రక్తం తీసింది 10:15కి, సమ్మతి 10:40కి అని ఉంటే ఆ రోగి డేటా మీదే ప్రశ్న వస్తుంది. కొత్త అణువుల (ఇంతకుముందు మందుగా ఆమోదం పొందని రసాయనాల) ట్రయల్స్‌లో బలహీన వర్గాలవారి సమ్మతికి వీడియో రికార్డింగ్ తప్పనిసరి. హెచ్‌ఐవీ, కుష్ఠు మందులకు ఆడియో చాలు. రికార్డు చేసే ముందు ఒక నిమిషం తీసి విని చూడండి. ఫ్యాను హోరులో రోగి గొంతు వినపడని వీడియోతో ఉపయోగం లేదు. పత్రం కొత్త వెర్షన్ ఆమోదం పొందిన రోజే ఓపీ సొరుగులోని పాత జిరాక్సులు తీసేయండి.

స్పాన్సరు తరఫున వచ్చి తనిఖీ చేసే మానిటర్లు ఎక్కువగా పట్టుకునేది సోర్స్ డాక్యుమెంట్లలో (రోగి వివరాలు మొదట రాసిన అసలు కాగితాల్లో) లోపాలే. మన ఆసుపత్రుల్లో ఓపీ చీటీ రోగితోపాటు ఇంటికెళ్తుంది, తిరిగి రాదు. స్టడీ రోగులకు విడిగా ఫైలు తెరిచి, డాక్టరు రాసిన ప్రతి చీటీని అప్పటికప్పుడే జిరాక్సు తీసి సంతకం, తేదీ వేసి అందులో పెట్టాలి. థర్మల్ కాగితం మీది ఈసీజీ కొన్నాళ్లకు వెలిసిపోతుంది, దానికీ జిరాక్సు కావాలి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ పెట్టాలి. వైట్‌నర్ ముట్టుకోకూడదు. రోగి ఫోనొక్కటే కాదు, ఇంట్లో మరో ఇద్దరివీ, ఊళ్లో ఆశా కార్యకర్త నంబరూ తీసుకోండి. సంక్రాంతి వారంలో పడే విజిట్లను ప్రోటోకాల్ ఇచ్చే వెసులుబాటు రోజుల్లోకి డిసెంబరులోనే సర్దండి. బస్సు చార్జీ, పోయిన కూలీ ఏ రోజుది ఆ రోజే చేతికివ్వాలి. బిల్లు పాసయ్యాక ఇస్తామంటే మూడో విజిట్‌కు రారు.

తీవ్రమైన దుష్ఫలితం జరిగిన 24 గంటల్లో సీడీఎస్‌సీఓకు, స్పాన్సరుకు, ఎథిక్స్ కమిటీకి రిపోర్టు వెళ్లాలి. ఆపై 14 రోజుల్లో విశ్లేషణ. రాత్రి పొద్దుపోయాక రోగిని ఇంట్లోవాళ్లు దగ్గర్లోని నర్సింగ్ హోంలో చేర్చి, మనకు వారం తర్వాత చెప్పడం తరచూ జరిగేదే. తెలిసిన వెంటనే రిపోర్టు చేయండి, అయితే అంత ఆలస్యంగా తెలియకుండా చూసుకోవడమే మేలు. ప్రతి రోగి జేబులో స్టడీ పేరు, 24 గంటల ఫోన్ నంబరు ఉన్న కార్డు ఉండాలి. రెండు వారాలకోసారి కోఆర్డినేటరు ఫోన్ చేసి "ఎక్కడైనా అడ్మిట్ అయ్యారా?" అని సూటిగా అడగాలి.

మందుల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రాత్రి కరెంటు పోయినా రికార్డు చేసే డేటా లాగర్, ఫోన్‌కు అలారం పంపే ఏర్పాటు కావాలి. ఉష్ణోగ్రత దాటితే మందు పారేయకండి, వాడకండి. విడిగా పెట్టి, "వాడరాదు" అని రాసి, స్పాన్సరు రాతపూర్వక జవాబు కోసం ఆగండి.

ఇక స్టడీ ముగిశాక రికార్డుల పెట్టెలు. ఒప్పందంలో ఎన్నేళ్లని ఉంటే అన్నేళ్లూ దాచాల్సిందే. మెట్ల కింద గదీ, బేస్‌మెంటూ వద్దు, అక్కడ వర్షాకాలం నీరూ చెదలూ ఖాయం. నేలకు ఎత్తుగా ఇనుప ర్యాకులు, చెదల మందు, ఒకే తాళం, లోపలికెళ్లినవారి రిజిస్టరు పెట్టండి. ఏ పెట్టెలో ఏ రోగుల నంబర్లున్నాయో జాబితా పెట్టె మీద ఒకటి, ఆఫీసులో ఒకటి ఉంటే, ఇన్‌స్పెక్టర్ అడిగిన ఫైలు కోసం పెట్టెలన్నీ విప్పాల్సిన అవసరం రాదు.