మట్టి పని లెక్కకు సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు

రోడ్డయినా, కాలువయినా, వెంచరు చదును అయినా, మట్టి పని బిల్లు చివరికి ఘనపు మీటర్ల దగ్గరే తేలుతుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ తెర మీద కటింగును (తవ్వకాన్ని) ఎరుపులోను, ఫిల్లింగును (మట్టి నింపడాన్ని) పచ్చలోను ఎంత అందంగా చూపుతుందనే దానికంటే, అది ఇచ్చిన అంకె ఎలా వచ్చిందో ఎంబీ (బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకం) రాసే ఇంజనీరుకు వరుసగా చూపించగలమా లేదా అన్నది ముందు చూసుకోవాలి.

ఏ లెక్క పద్ధతి కావాలన్నది పని స్వభావాన్ని బట్టి ఉంటుంది. రోడ్డు, కాలువ వంటి పొడవాటి పనుల్లో చైనేజీ (మొదటి నుంచి పొడవునా కొలిచిన దూరం) వారీగా క్రాస్ సెక్షన్లు (అడ్డకోతలు) తీసి, పక్కపక్క సెక్షన్ల వైశాల్యాల సగటును మధ్య దూరంతో గుణించడం మన దగ్గర పాతుకుపోయిన పద్ధతి. అయితే కటింగు ముగిసి ఫిల్లింగు మొదలయ్యే చోట ఈ సగటు లెక్క పరిమాణాన్ని పెంచి చూపుతుంది. ఉదాహరణకు 30 మీటర్ల దూరంలో వైశాల్యం 12 చదరపు మీటర్ల నుంచి సున్నాకు పిరమిడ్‌లా సన్నబడితే, సగటు పద్ధతి 180 ఘనపు మీటర్లు అంటుంది. మధ్య సెక్షన్‌ను కూడా లెక్కలోకి తీసుకునే ప్రిజ్మాయిడల్ సూత్రం మాత్రం అసలు పరిమాణమైన 120 ఇస్తుంది. సివిల్ 3డి వంటి సాఫ్ట్‌వేర్లలో ఈ రెండు పద్ధతులూ ఉంటాయి గనుక, ఒప్పందంలో ఏది రాసుకున్నారో దాన్నే ఎంచుకోవాలి. వెంచర్లకు, చెరువు పూడికతీతకు మాత్రం పని ముందరి నేలను, తరువాతి నేలను త్రిభుజాల ఉపరితలాలుగా కట్టి తేడా తీసే సాఫ్ట్‌వేర్ నయం.

ఏది కొనబోయినా, జవాబు ముందే తెలిసిన చిన్న లెక్కతో పరీక్షించండి. పైన 20 మీటర్ల చదరం, లోతు 3 మీటర్లు, మీటరు లోతుకు ఒకటిన్నర మీటరు వాలు ఉన్న పంట కుంటకు అడుగు 11 మీటర్ల చదరం అవుతుంది, తవ్వకం సరిగ్గా 741 ఘనపు మీటర్లు వస్తుంది. పై, అడుగు వైశాల్యాల సగటును లోతుతో గుణిస్తే 781.5 వస్తుంది. ఈ కుంట మూలలను, అంచులను ఎక్కించి చూస్తే సాఫ్ట్‌వేర్ ఏ దారిన లెక్క కడుతోందో తెలిసిపోతుంది.

అంచుల మాట ఎందుకు అంటున్నానంటే, ఒకసారి నేను చెరువు కట్ట తలకట్టు (పై భాగం) మీద పాయింట్లు దూరదూరంగా తీసుకున్నాను. త్రిభుజాలు కట్ట మీదుగా రాకుండా ఈ పాదం నుంచి ఆ పాదానికి దూకేయడంతో, తెర మీద కట్టకు లేని గండ్లు పడ్డాయి. తలకట్టు అంచులను, పాదాల గీతలను బ్రేక్‌లైన్లుగా (త్రిభుజాలు దాటకూడని గీతలుగా) ఇచ్చాకగాని అవి పూడలేదు. బ్రేక్‌లైన్లు ఇవ్వడానికి, తప్పు త్రిభుజాన్ని చేత్తో మార్చడానికి వీలులేని సాఫ్ట్‌వేర్‌ను, ఎంత చవకైనా, కట్టల పనికి తీసుకోకండి.

డ్రోన్ సర్వే వాడేవారు మొక్కల పాయింట్లను వడకట్టే సదుపాయం ఉందో లేదో చూడాలి. సర్కారు తుమ్మ కమ్ముకున్న చోట కెమెరాకు కనబడేది కొమ్మలే గాని నేల కాదు. ఒక హెక్టారులో సగటున 10 సెంటీమీటర్లు తేడా వస్తే 1,000 ఘనపు మీటర్లు తారుమారవుతాయి. పని ముందు, తరువాత చేసే రెండు సర్వేలకూ ఒకే బెంచ్ మార్కు (ఎత్తు తెలిసిన స్థిర గుర్తు) వాడకపోతే ఆ తప్పును ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు.

సాఫ్ట్‌వేర్ చెప్పేది నేల మీది కొలత మాత్రమే. తవ్విన మట్టి లారీలో పొంగుతుంది, రోలరు కింద కుదించుకుపోతుంది. ఈ పొంగు, కుదింపు గుణకాలను కటింగుకు, ఫిల్లింగుకు విడివిడిగా ఇచ్చే వీలుండాలి, ఇచ్చిన గుణకం నివేదికలో కనబడాలి. లేకుంటే ఆఫీసులో ఒకరు, సైటులో ఇంకొకరు అదే గుణకాన్ని రెండుసార్లు కలిపే ప్రమాదం ఉంది.

ఇక ధర. ఏడాదికి ఒకటి రెండు చిన్న వెంచర్లు చేసేవారికి ఉచితంగా దొరికే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ క్యూజిఐఎస్ సరిపోవచ్చు, కాని సెక్షన్ల పట్టికను ఎంబీకి అనువుగా తయారు చేసుకునే శ్రమ మీదే. రోడ్ల కాంట్రాక్టు నిత్యం చేసేవారికి ఏటా చందా కట్టే పెద్ద సాఫ్ట్‌వేర్ గిట్టుబాటవుతుంది. డబ్బు కట్టే ముందు ట్రయల్ గడువులోనే, ఫైనల్ బిల్లు అయిపోయిన మీ పాత పని ఒకదాని లెవెల్స్‌ను (నేల ఎత్తుల కొలతలను) ఎక్కించి, ఏ చైనేజీలో ఎంత తేడా వచ్చిందో పాత ఎంబీ పక్కన పెట్టుకుని చూడండి.