దిగిన జ్వరాన్ని నమ్మి సైకిలెక్కకండి

పోయిన వారం మహేంద్రతనయ నది వంతెన దాటాక ఒక మనిషి సైకిలు మీది నుంచి పడ్డాడు. లారీ గుద్దలేదు, రోడ్డు మీద గుంత లేదు, ఆ సాయంత్రం వాన కూడా లేదు. ఒడిశా పర్లాకిమిడిలో బట్టల కొట్టు పని ముగించుకుని సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం వైపు ఇంటికి వెళ్తున్నాడు. దారిలో చలి పుట్టి చేతులు వణికాయట, హ్యాండిల్ నిలవలేదట. భుజం ముందరి ఎముక విరిగింది. ఆసుపత్రిలో రక్తం చూస్తే మలేరియా. మూడు రోజులుగా జ్వరం వస్తోందని, పొద్దున్నే మాత్ర వేసుకుని పనికి పోతున్నాడని ఇంటివాళ్లు చెప్పారు.

ఆ మాత్రలు అమ్మింది నేనే.

ఈ ఊళ్లో మందుల దుకాణం కౌంటరు వెనక పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. నేను కూడా అటునుంచి ఇటు సైకిలు మీదే వస్తాను. శ్రావణ భాద్రపదాల్లో పొద్దున ఎనిమిదిన్నరకు నా కొట్టు ముందు కనిపించే దృశ్యం ఒకటే. సైకిలుకు స్టాండు కూడా వేయరు, పెడలును మెట్టుకు ఆనించి నిలబెడతారు. “బాబూ, రెండు జ్వరం బిళ్లలు.” ఒకటి అక్కడే, నీళ్లు కూడా అడగకుండా మింగేస్తారు. కొందరు మెట్ల మీదే కూర్చుంటారు. అరగంటకో, మరికాసేపటికో నుదుట చెమట పడుతుంది. తువ్వాలుతో తుడుచుకుని “దిగిపోయింది” అంటూ లేచి సైకిలెక్కుతారు.

అది దిగడం కాదు, మాత్ర దించడం. జ్వరం బిళ్ల, అంటే పారాసెటమాల్, పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. ఎనిమిదిన్నరకు వేసుకున్నది మధ్యాహ్నం రెండున్నరకల్లా అయిపోతుంది. మీరు ఇంటికి బయలుదేరేది ఆరింటికి, అదీ పొద్దంతా నిలబడి పనిచేసి, సరిగ్గా తినకుండా. వెళ్లగలనా లేదా అని పొద్దున ఎనిమిదిన్నర ఒంటిని అడుగుతున్నారు. తిరిగి రావలసింది సాయంత్రం ఆరింటి ఒళ్లు.

జలుబు గురించి రాయను. ముక్కు కారుతూ, గొంతు కాస్త గరగరలాడుతూ, జ్వరం లేకుండా ఉంటే నెమ్మదిగా తొక్కుకుంటూ పోవచ్చు, ఆ సంగతి అందరికీ తెలుసు. దగ్గు గుండెల్లోకి దిగినా, ఒళ్లు నొప్పులున్నా, విరేచనాలవుతున్నా అది వేరే లెక్క.

మాత్రకు ముందు చూసుకోవలసినవి

జ్వరం కొలిచేది మాత్ర వేసుకున్నాక కాదు, వేసుకోకముందు. 100 దాటితే ఆ రోజు సైకిలు లేదు. మాత్ర లేకుండా పూర్తిగా ఒక పగలు, ఒక రాత్రి జ్వరం రాకుండా గడిస్తేనే మర్నాటి ప్రయాణం గురించి ఆలోచించాలి.

మంచం దిగకముందే నాడి పట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టండి. బాగున్న రోజుల్లో మీ నాడి ఎంతో ముందే తెలిసి ఉండాలి. మామూలుగా 72 కొట్టుకునేది ఇవాళ 85 ఉంటే, జ్వరం కనపడకపోయినా ఒంట్లో పోరు నడుస్తున్నట్టే. వైరస్ జ్వరాల్లో ఒక్కోసారి గుండె కండరం కూడా వాస్తుంది. అప్పుడు ఎదురుగాలిలో బలవంతంగా తొక్కితే గుండె లయ తప్పవచ్చు. అరుదే, కానీ ఛాతీలో నొప్పో, గుండెదడో, కొత్తగా ఆయాసమో ఉంటే అరుదు అనే మాట మీకు వర్తించదు.

తర్వాత సైకిలు ఎక్కకుండా తోసుకుంటూ వీధి చివరిదాకా వెళ్లి రండి. ఆయాసం వచ్చినా, కళ్లు బైర్లు కమ్మినా దాన్ని లోపల పెట్టేయండి. చికున్‌గున్యా వచ్చి తగ్గినవారైతే బ్రేకు నొక్కి పట్టి పది లెక్కపెట్టండి. జ్వరం పోయినా వేళ్ల కీళ్ల నొప్పులు వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి. బ్రేకు పట్టలేని చేతులతో ఏ వాలూ దిగవద్దు.

జ్వరం లేని రోజు

అసలు ముంచేది ఇదే. మనవైపు చాలామందికి వచ్చే ఒక రకం మలేరియా రోజు విడిచి రోజు వస్తుంది. చలి, వణుకు, సెగ, చెమట, ఆ తర్వాత మొత్తం విడిచిపోతుంది. మధ్య రోజున మనిషి హాయిగా ఉంటాడు, గంజి మాని కూర కలుపుకుని తింటాడు, సైకిలు తుడుస్తాడు. ఇంకో రకం, ప్రాణం తీసేది, ఈ లెక్క కూడా పాటించదు. జ్వరం లేనివారి రక్తంలోనూ క్రిమి ఉంటుంది. ఒడిశా ప్రభుత్వం ‘దమన్’ పేరిట మారుమూల కొండ గ్రామాల్లో జ్వరం లేనివాళ్లకు కూడా రక్తపరీక్ష చేయించేది అందుకే. మనం మాత్రం చెమట పట్టగానే నయమైందనుకుంటాం.

డెంగీ ఇంకా మాయదారిది. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల జ్వరం దిగుతుంది, దిగినప్పుడే ప్రమాదం మొదలవుతుంది. రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరి రక్తపోటు పడిపోయేది ఆ ఒకటి రెండు రోజుల్లోనే. “నాలుగు రోజులు సెలవు పెట్టాను, జ్వరం కూడా దిగింది, ఇంకా ఇంట్లో ఉంటే ఏమంటారో” అని సరిగ్గా ఆ పొద్దునే సైకిలు తీసేవారిని చూశాను. ఆ పూట పోవలసింది పనికి కాదు, రక్తపరీక్షకు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, ఒళ్లు చల్లబడి మగతగా ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రికి. సైకిలు మీద కాదు.

నేనేమీ బుద్ధిమంతుణ్ణి కాదు. ఒక ఏడు ఇలాగే మాత్ర మింగి బయలుదేరాను. తొక్కుతున్నంతసేపు ఏమీ తెలియలేదు. గుణుపూర్ రైలు లైను గేటు పడి ఉంటే ఆగి కాలు కింద పెట్టాను. ఆ కాలు నిలవలేదు, సైకిలుతో సహా పక్కకు ఒరిగిపోయాను. వెనక నుంచి ఏదీ రాలేదు కనుక ఇది రాస్తున్నాను. దొర్లుతున్న సైకిలు నీరసాన్ని దాచేస్తుంది, ఆగినప్పుడు బయటపెడుతుంది.

నాగా పెడితే కూలి పోతుందని నాకు తెలుసు. మా కొట్టులో కూడా అంతే. బట్టల కొట్టు మనిషి రెండు రోజుల కూలి మిగుల్చుకోబోయి ఇప్పుడు ఆరు వారాలు చెయ్యి కట్టుకుని కూర్చున్నాడు. పనికి పోక తప్పని రోజు పోండి, కానీ ఆటోలోనో, ఎవరి బండి వెనకో పోండి. పొద్దున బాగుండి సాయంత్రం బాగోలేకపోతే సైకిలును కొట్టు దగ్గరే తాళం వేసి వదిలేయండి. అది ఒక రాత్రి బయట పడుకున్నంత మాత్రాన నామోషీ ఏమీ లేదు.

ఇక మిగిలినవి.

రెండో రోజు కూడా జ్వరం వస్తే రక్తపరీక్ష. ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది, వేలి మీద ఒక్క చుక్క, ఇరవై నిమిషాల్లో తెలుస్తుంది, డబ్బు అడగరు.

మలేరియాకు 14 రోజుల మాత్రలు రాస్తే 14 రోజులూ మింగండి. నాలుగో రోజుకే మిగిలినవి తిరిగి ఇవ్వడానికి నా దగ్గరికి వస్తారు. తీసుకోను. కాలేయంలో దాగిన క్రిమి కొన్ని నెలలకు మళ్లీ లేస్తుంది.

ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ అడగవద్దు. డెంగీ అయితే రక్తస్రావం.

జలుబు బిళ్ల మింగి సైకిలెక్కవద్దు. చాలా వాటిలో నిద్ర తెప్పించే మందు ఉంటుంది, పారాసెటమాల్ కూడా ఉంటుంది. మీరు విడిగా వేసుకున్న జ్వరం బిళ్లతో కలిపి మోతాదు రెట్టింపవుతుంది.

షుగరు మాత్ర వేసుకుని, నోరు చేదుగా ఉందని తినకుండా తొక్కవద్దు. చక్కెర పడిపోతే అరవడానికి కూడా వీలుండదు.

విరేచనాలు ఆగిన రోజు కూడా వద్దు. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం మొత్తం లీటరు నీటిలో కలపాలి, గ్లాసులో సగం సగం కాదు.

కళ్లకలక వచ్చి ఒక కన్ను మూసుకుపోతే సైకిలు వద్దు. ఎదుటి బండి ఎంత దూరంలో ఉందో ఒంటికంటికి సరిగ్గా అందదు.

చంకలో, నడుం దగ్గర, గజ్జల్లో నల్లటి చెక్కు కట్టిన పుండు ఉందేమో చూసుకోండి. ఉంటే డాక్టరుకు చూపండి, స్క్రబ్ టైఫస్ (నల్లి లాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) కావచ్చు. ఆ పుండు నొప్పి పెట్టదు కనుక ఎవరూ చూడరు.

జ్వరం తగ్గిన మొదటి వారం క్యారియర్ మీద బరువు వద్దు. పాల క్యానులు వద్దు. పిల్లల్ని అసలే వద్దు.

చలి మొదలైతే “ఇంకెంత, వంతెన దాటితే ఇల్లే” అనుకోవద్దు. అక్కడే దిగండి. కూర్చోండి. ఫోను చేయండి.

సరిహద్దు దగ్గర 108కి చేస్తే ముందు ఏ రాష్ట్రంలో ఉన్నారో, ఏ ఊరి దగ్గరో చెప్పండి. టవరును బట్టి ఫోను అవతలి రాష్ట్రానికి పోవచ్చు.

దిగిన జ్వరాన్ని నమ్మవద్దు. మాత్ర దించిన జ్వరాన్ని అసలే నమ్మవద్దు.

నా కొట్టు మెట్ల మీద కూర్చుని చెమట కోసం ఎదురుచూడవద్దు. లోపలికి వచ్చి, బిళ్ల మింగకముందు, ధర్మామీటరు అడగండి. సొరుగులోనే ఉంటుంది, ఊరికే ఇస్తాను.