తుప్పు లేత్‌ను తూకానికి వేసే ముందు

కొందామని పాత లేత్ (ఇనుప ముక్కను తిప్పుతూ టూల్‌తో కోసే మిషన్) చూడగానే కళ్లు తుప్పు మీదికే పోతాయి. పైపైన పట్టిన ఎర్ర తుప్పు నిజానికి ఒక పూట పని. బెడ్ (కదిలే భాగాలు జరిగే గాడులున్న పొడవాటి దిమ్మె) ఎంత అరిగింది, పోత ఎక్కడైనా పగిలిందా, ఏ సామాన్లు పోయాయి అన్నవే లెక్కలోకి వస్తాయి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు అర లీటరు డీజిల్, పాత బట్టలు, బ్యాటరీ లైటు, సుద్దముక్కలు, మాగ్నెట్ స్టాండుతో 0.01 మి.మీ. తేడా కూడా ముల్లుతో చూపే డయల్ గేజి, గజం పొడవు గట్టి కర్ర పట్టుకెళ్లండి. ఏళ్లుగా ఆగిన మిషన్‌కు కరెంటు పెట్టి చూపిస్తామంటే వద్దనండి. నూనె ఎండిపోయిన బుష్‌లలో (ఇరుసు తిరిగే గొట్టాలు) కాసేపు తిరిగినా స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) గీరుకుపోతుంది. నూనె పోసి, చక్‌ను (పని ముక్కను పట్టుకునే భాగం) చేత్తోనే తిప్పి చూడాలి.

ముందు పగుళ్లు చూడండి, ఎందుకంటే బేరం అక్కడే ముగిసిపోవచ్చు. పోత ఇనుము వంగదు, పగులుతుంది. లారీ నుంచి దించేటప్పుడు ఒకసారి పడిందంటే హెడ్‌స్టాక్ (స్పిండిల్ ఉండే పెట్టె) పాదం, టెయిల్‌స్టాక్ (ఎదురు చివర ఆసరా ఇచ్చే భాగం) బిగింపు, శాడిల్ (టూల్‌ను మోస్తూ బెడ్ మీద జరిగే భాగం) రెక్కలు అనుమానించాలి. రంగు గీకి, డీజిల్‌తో తడిపి, పది నిమిషాలాగి, పొడిబట్టతో గట్టిగా తుడిచి, సుద్దపొడి రుద్దండి. పగులుంటే లోపల దాగిన డీజిల్‌ను సుద్ద పీల్చుకుని, తెల్లటి పొడి మీద వెంట్రుకంత సన్నని గీత మెల్లగా తేలుతుంది. గేరు కవరో, కాలో పగిలితే బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతికించడం) చేయించుకోవచ్చు. బెడ్‌కో హెడ్‌స్టాక్‌కో పగులుంటే ఇక మిగతావి చూడనక్కర్లేదు. ఒక్క చోటే కొత్త రంగు మెరుస్తుంటే అక్కడ రెండుసార్లు చూడండి.

తర్వాత బెడ్. డీజిల్‌తో నాననిచ్చి, షేవింగ్ బ్లేడును పడుకోబెట్టి తుప్పు గీకండి. ఎమిరీ పేపరు వద్దు, బాత్‌రూం యాసిడ్ అసలే వద్దు. చిన్న చిన్న గుంటలు గోటికి తగిలినా కంగారు పడకండి. శాడిల్‌ను మోసేది గుంటల మధ్య మిగిలిన ఇనుమే, గుంటల్లో నూనె నిలుస్తుంది. వాటిలో తుప్పుపొడి మాత్రం మిగలకూడదు.

అసలు పరీక్ష అరుగుదలకు. శాడిల్‌ను చక్ దగ్గరికి తెచ్చి, హ్యాండిల్ కాస్త బరువుగా తిరిగేంత వరకే లాక్ బిగించండి. అలాగే టెయిల్‌స్టాక్ వైపు నడపండి. దారిలో బిగుసుకుపోతే చక్ దగ్గర బెడ్ అరిగినట్టే, ఎందుకంటే రోజూ పనంతా చక్ ముందు అడుగున్నరలోనే జరుగుతుంది. ఎంత అరిగిందో తెలియాలంటే డయల్‌ను శాడిల్ మీద పెట్టి, దాని కొసను టెయిల్‌స్టాక్ నడిచే గాడి మీద ఆనించి జరపండి. చక్ దగ్గరి దాకా టెయిల్‌స్టాక్ రాదు కాబట్టి అక్కడ ఆ గాడి అంతగా అరగదు, అదే మనకు కొలబద్ద.

కిందికి దిగిన అరుగుదలను చూసి చాలామంది అనవసరంగా భయపడతారు. టూల్ 0.1 మి.మీ. కిందికి దిగితే 25 మి.మీ. షాఫ్ట్ వ్యాసంలో మైక్రాన్ తేడా కూడా రాదు. అదే 0.1 మి.మీ. పక్కకు జరిగితే వ్యాసంలో 0.2 తేడా. అందుకే గాడి పక్క ముఖం మీద కూడా డయల్ ఆనించండి. పక్కకు 0.05 లోపైతే హాయిగా కొనొచ్చు. 0.1 దగ్గర ఉంటే బుష్‌లు, పిన్నులు, ట్రాక్టర్ పనులకు సరిపోతుంది. బేరింగ్ కూర్చునే సైజులకు చేతి నేర్పు కావాలి. 0.2 దాటితే బెడ్ గ్రైండింగే. గ్రైండింగ్ రేటు ఒక్కటే అడిగి మోసపోకండి. బెడ్ తగ్గినంత శాడిల్ దిగుతుంది, శాడిల్ ముందు వేలాడే ఏప్రాన్‌కు, దాన్ని నడిపే పొడవాటి లీడ్ స్క్రూకు వరస తప్పుతుంది. శాడిల్ కింద టర్సైట్ (నున్నగా జారే ప్లాస్టిక్) షీటు అతికించి, స్క్రేపింగ్ (చేత్తో గీకి సరిచేయడం) చేసి మళ్లీ పైకి తేవాలి. రానూపోనూ లారీ కిరాయి వేరు.

స్పిండిల్ కోసం చక్ కింద కర్ర పెట్టి పైకెత్తండి, ముక్కు మీద డయల్ ఉంచి. గన్‌మెటల్ బుష్‌లైతే 0.02–0.03 సహజం, నూనెకు ఆ చోటు ఉండాల్సిందే. అంతకు బాగా ఎక్కువుంటే బుష్ బిగించే నట్టుకు ఇంకా సందు మిగిలిందా చూడండి. బేరింగ్‌లుండి, తిప్పుతుంటే ఇసుక నూరినట్టు వినిపిస్తే నంబరు రాసుకుని ముందే ధర కనుక్కోండి.

క్రాస్ స్లైడ్ (టూల్‌ను అడ్డంగా జరిపే భాగం) హ్యాండిల్ పావు చుట్టు వదులుగా ఉందని బేరం వదులుకోవద్దు, గన్‌మెటల్ నట్టు ఎవరైనా చేసిస్తారు. చేంజ్ గేర్ల (కోసే మరను బట్టి మార్చుకునే గేర్లు) సెట్టు లేకపోవడం మాత్రం నష్టమే. ఇంచీ లీడ్ స్క్రూ మీద మిల్లీమీటరు మరలు సరిగ్గా కోయాలంటే 127 పళ్ల గేరు కావాలి. అది ఉందా అని అడిగి తీయించండి. హెడ్‌స్టాక్ మూత విప్పించి గేర్ల పళ్లు ఏవైనా విరిగాయేమో చూడండి.

మోటార్ సాధారణంగా త్రీ ఫేజ్. ఇంట్లో సింగిల్ ఫేజే ఉంటే వి.ఎఫ్.డి. (దాన్ని త్రీ ఫేజ్‌గా మార్చే పెట్టె) పెట్టొచ్చు గానీ, దాన్నుంచి సాధారణంగా వచ్చేది 230 వోల్టులే. నేమ్‌ప్లేట్ మీద 230 డెల్టా (వైండింగులను త్రికోణంలా కలిపే పద్ధతి) అని ఉండి, వైండింగుల ఆరు కొసలూ బయటికి వచ్చిన మోటారే దానికి పనికొస్తుంది.

కొన్నాక ఎక్కించే రోజు శాడిల్‌ను, టెయిల్‌స్టాక్‌ను హెడ్‌స్టాక్‌కు ఎదురు చివరికంటా జరిపి బిగించండి. బరువంతా హెడ్‌స్టాక్ వైపే ఉంటుంది, లేదంటే గాల్లో ఒరుగుతుంది. క్రేన్ బెల్టు బెడ్ అడ్డపట్టీల కింద నుంచి రావాలి. లీడ్ స్క్రూకు ఆనితే అది వంగుతుంది.