టీవీ ఖాళీ లేకపోయినా పీఎస్5 ఆడుకోవచ్చు

ఇంట్లో సీరియల్ టైమయితే పీఎస్5 (టీవీకి పెట్టి ఆడే ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్) మూలన పడి ఉండాల్సిన పనిలేదు. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో పీఎస్ రిమోట్ ప్లే యాప్ వేసుకుంటే చాలు, కన్సోల్‌లో నడిచే ఆట నెట్ ద్వారా ఆ తెరమీదికి వస్తుంది. యాప్ ఉచితమే. ముందు కన్సోల్ సెట్టింగ్స్‌లో సిస్టమ్‌లోకి వెళ్లి రిమోట్ ప్లే ఆన్ చేయండి. తర్వాత యాప్‌లో కూడా కన్సోల్‌లో వాడే అకౌంట్‌తోనే లాగిన్ అవ్వండి.

బయటి నుంచి ఆడాలంటే ఇంకో రెండు ఆప్షన్లు కావాలి. సిస్టమ్‌లోనే పవర్ సేవింగ్‌లో, రెస్ట్ మోడ్ (కన్సోల్ పూర్తిగా ఆగకుండా నిద్రలో ఉండే స్థితి) ఫీచర్ల కింద, ఇంటర్నెట్‌కు కనెక్ట్ అయి ఉండేదీ, నెట్‌వర్క్ నుంచి పీఎస్5ని ఆన్ చేసేదీ. ఊరెళ్లేటప్పుడు అలవాటు కొద్దీ అమ్మ గోడ స్విచ్ కట్టేస్తే మాత్రం ఇవేవీ పనిచేయవు! కరెంటు పోయి వచ్చినా అంతే, ఎవరో ఒకరు వెళ్లి బటన్ నొక్కాల్సిందే.

ఆట ఆగి ఆగి వస్తోందంటే చాలామంది ఫోన్‌ని తిడతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది కన్సోల్ వైపు. దానికి వైఫై తీసేసి రౌటర్ నుంచి లాన్ కేబుల్ పెట్టండి, తేడా వెంటనే తెలుస్తుంది. ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైలో ఉంచండి. నెట్ స్పీడ్ కనీసం 5 ఎంబీపీఎస్ ఉండాలి, 15 ఉంటే హాయి. బయట ఉన్నప్పుడు ఇంటి నెట్ అప్‌లోడ్ స్పీడే కీలకం, డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోకండి. అప్పటికీ తడబడితే యాప్‌లో రిజల్యూషన్ (బొమ్మ స్పష్టత) 720పీకి దించండి. చిన్న తెరమీద పెద్దగా తెలీదు.

పీఎస్5 కంట్రోలర్ డ్యుయల్‌సెన్స్‌ని ఫోన్‌కి బ్లూటూత్‌లో కలపాలంటే క్రియేట్, పీఎస్ బటన్లు కలిపి లైట్ మిణుకుమనే దాకా నొక్కి పట్టుకోండి.