ఎపాక్సీ పెయింట్‌లో లోపాలు: ఎప్పుడు బయటపడ్డాయో చూస్తే కారణం దొరుకుతుంది

ట్యాంకుకో, స్ట్రక్చర్‌కో కొట్టిన పెయింట్‌లో తేడా కనబడగానే అందరూ డబ్బానే తిడతారు. "మెటీరియల్ బాగోలేదండీ" అనేస్తే పని అయిపోయినట్టే కదా! నిజంగా బ్యాచ్ చెడిపోయిన సందర్భాలు తక్కువ. లోపం ఎప్పుడు కనిపించిందో ముందు అడగండి. కొడుతుండగానే వస్తే నూనె, గన్, ఎండ, గాలి చూడాలి. మర్నాటికి వస్తే తేమ, మిక్సింగ్ చూడాలి. నెలల తర్వాత వస్తే కారణం పెయింట్ కింద ఉంటుంది. విశాఖ లాంటి సముద్ర తీరంలో ఇనుము మీద టూ-ప్యాక్ ఎపాక్సీ (బేస్, హార్డెనర్ అని రెండు డబ్బాల్లో వచ్చి, కలిపి కొట్టే పెయింట్) కొట్టేవాళ్లకు పదే పదే ఎదురయ్యేవి ఇవి.

తడిగా ఉండగానే గుండ్రంగా విడిపోయి గుంటలు పడుతున్నాయి

ఇదే ఫిష్ ఐ. నూనో, గ్రీజో, సిలికానో ఉన్న చోట పెయింట్ నిలవదు. బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గ్రిట్ రవ్వలు కొట్టి ఇనుమును శుభ్రం చేయడం) చేస్తే నూనె పోతుందనుకోవడం పొరపాటు. అది గ్రిట్‌కి అంటుకుని మిగతా ప్లేటంతా పాకుతుంది. అందుకే బ్లాస్టింగ్‌కి ముందే థిన్నర్‌తో తుడవాలి, గుడ్డ మార్చుకుంటూ. కంప్రెసర్ మీద అనుమానముంటే హోస్ చివర తెల్లగుడ్డ పెట్టి ఒక నిమిషం గాలి వదలండి. మరక పడితే గాలిలోని నూనె, నీటిని వేరుచేసే సెపరేటర్ డ్రెయిన్ చేసి, ఫిల్టర్ మార్చాకే పని మొదలుపెట్టాలి.

గుంటల మీద ఇంకో కోటు కొడితే మళ్లీ అక్కడే విడిపోతుంది. తడిగా ఉంటే మొత్తం తుడిచేయండి. ఆరిపోతే థిన్నర్‌తో తుడిచి, గుంటలు పోయేదాకా శాండింగ్ చేసి, మళ్లీ తుడిచి కొట్టండి.

కిందికి జారుతోంది

మందం ఎక్కువైంది, లేదా థిన్నర్ ఎక్కువైంది, లేదా గన్ మరీ దగ్గరగా ఉంది. 125 మైక్రాన్ల పొడి మందం కావాలి, వాల్యూమ్ సాలిడ్స్ (పెయింట్‌లో ఆరాక మిగిలే భాగం) 80 శాతం అనుకుందాం. తడి మందం 125ని 0.8తో భాగిస్తే సుమారు 156 మైక్రాన్లు. పది శాతం థిన్నర్ కలిపితే అదే 172 అవుతుంది. తడి మందం చూసే దువ్వెన గేజ్ పెయింటర్ జేబులోనే ఉండాలి, సూపర్‌వైజర్ బల్ల మీద కాదు. తడిగా ఉంటే బ్రష్‌తో లాగేయండి, ఆరితే శాండింగే.

చేత్తో రాస్తే ఇసుక కాగితంలా ఉంది

డ్రై స్ప్రే. గాలి వల్లో, గన్ దూరం వల్లో పెయింట్ దారిలోనే ఆరిపోతోంది. ఎయిర్‌లెస్ గన్‌ని (గాలి కలపకుండా పంపు ఒత్తిడితోనే చిమ్మే గన్) ప్లేటుకు 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో, దానికి లంబంగా పట్టుకోవాలి. మధ్యాహ్నం ఎండలో కాలిన ప్లేట్ మీద కూడా ఇదే వస్తుంది. గరుకంతా తీసేసి మళ్లీ కొట్టండి.

జింక్ ప్రైమర్ మీద ఎపాక్సీ కొడితే సూది బెజ్జాలు

జింక్ సిలికేట్ ప్రైమర్ (ఇనుము మీద వేసే జింక్ పొడి కలిసిన మొదటి కోటు) పొరలో సన్నటి ఖాళీలుంటాయి. వాటిలోని గాలి పై కోటును చీల్చుకుని బయటికొస్తుంది. ముందు బాగా పలచన చేసిన మిస్ట్ కోటు కొట్టి, గాలి బయటికి పోయేదాకా కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు పూర్తి కోటు వేయాలి. ఎంత పలచన చేయాలో పెయింట్ కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో ఉంటుంది. అన్నట్టు, మిగతావాటికి పనికిరాని తేమ ఈ సిలికేట్ గట్టిపడటానికి మాత్రం కావాలి. గాలి పొడిగా ఉంటే నీళ్లు చల్లాల్సి వస్తుంది.

పొద్దున్నే చూస్తే పైన జిడ్డు, మెరుపు పోయింది

తీరంలో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఇంకా ఆరని ఎపాక్సీ మీద రాత్రి తేమ దిగితే హార్డెనర్‌లోని అమీన్ పైకొచ్చి, తేమతో, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి జిడ్డు పొర కడుతుంది. దీని మీద పీయూ (పాలీయురేథేన్) టాప్ కోటు కొడితే కొన్నాళ్లకు ఊడిపోతుంది. థిన్నర్‌తో తుడిస్తే జిడ్డు అటూ ఇటూ పాకుతుందే తప్ప పోదు. గోరువెచ్చని నీళ్లు, కొంచెం డిటర్జెంట్‌తో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడిగి, ఆరాక శాండింగ్ చేయండి. కడగకుండా శాండింగ్ చేస్తే జిడ్డు లోపలికి రుద్దినట్టే.

రాకుండా ఉండాలంటే డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత చూడాలి. గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉంటే డ్యూ పాయింట్ దాదాపు 27. ఇనుము దానికంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ, అంటే 30 పైన ఉండాలి. రాత్రంతా ఆరుబయట చల్లబడిన ప్లేటు తెల్లవారేసరికి 27, 28లో ఉంటుంది. కంటికి పొడిగానే కనిపిస్తుంది. అందుకే గాలిది కాదు, ప్లేటు ఉష్ణోగ్రత కొలవాలి. సాయంత్రం కొట్టేటప్పుడు మంచు దిగేలోగా ఆరుతుందో లేదో కూడా లెక్కేసుకోండి.

రోజులు గడిచినా గోరు దిగుతోంది

బేస్, హార్డెనర్ నిష్పత్తి తప్పింది, లేదా అడుగున పేరుకున్నది కలపలేదు. సగం డబ్బా కంటిచూపుతో కలిపే అలవాటు మానుకోవాలి. దీనికి రిపేర్ లేదు, గీకేయడమే.

నెలల తర్వాత బొబ్బలు

ఒక బొబ్బను కత్తితో తెరిచి చూడండి. లోపల నీరుండి, కింద ఇనుము నల్లగానో ఎర్రగానో ఉంటే ఉప్పు మిగిలిందన్నమాట. ఆ ఉప్పు పెయింట్ పొర గుండా నీటిని లోపలికి లాగుతుంది. బొబ్బ రెండు కోట్ల మధ్య లేస్తే జిడ్డు కడగకపోవడం, రీకోట్ గడువు (తర్వాతి కోటు వేయాల్సిన సమయం) దాటిపోవడం, కింది కోటులో సాల్వెంట్ చిక్కుకోవడం లాంటివి చూడాలి.

ఉప్పు బ్లాస్టింగ్‌తో పూర్తిగా పోదు. తీరంలో ప్లేట్లను ముందే మంచినీళ్లతో ప్రెషర్ వాష్ చేయాలి. బ్లాస్టింగ్ అయ్యాక బ్రెస్లే ప్యాచ్‌తో (ప్లేటుకు అంటించి, లోపల నీళ్లు ఎక్కించి ఉప్పును కరిగించి తీసే చిన్న పట్టీ) ఉప్పు కొలవాలి. ఒప్పందంలో రాసిన పరిమితి దాటితే మళ్లీ కడిగి, మళ్లీ బ్లాస్టింగ్ చేయాలి. బొబ్బలు లేచిన చోట పైపైన గీకి టచప్ చేస్తే కొన్నాళ్లకు అంచుల దగ్గరే మళ్లీ లేస్తాయి. గట్టిగా అంటుకున్న పెయింట్ తగిలేదాకా వెనక్కి తీసి, కడిగి, ఎస్ఏ 2½ స్థాయికి (తుప్పు, పాత పెయింట్ దాదాపు పూర్తిగా పోయేంత శుభ్రతకు) బ్లాస్ట్ చేసి, అంచులు వాలుగా అరగదీసి, ప్రైమర్ నుంచి మొదలుపెట్టండి.