కొత్త మెట్రో లేదా రైల్వే స్టేషన్ దగ్గర రోడ్డు సేఫ్‌గా ఉండాలంటే ముందే ఇలా అడగండి

డ్రాయింగులు ఫైనల్ కాకముందే కదలండి, కాంక్రీటు పడ్డాక ఎంత మొత్తుకున్నా మార్చడం చాలా కష్టం. ఓ పదిమంది కలిసి, పెద్దవాళ్లు కూడా ఉండేలా చూసుకుని, రాత్రిపూట స్టేషన్ గేటు వచ్చే చోటు నుంచి బస్టాపు దాకా నడవండి, చీకటి మూలలు, తెగిపోయిన ఫుట్‌పాత్ ఫొటోలు తీయండి.

అసలు పాయింటు నడిచి రోడ్డు దాటేవాళ్లకి ఇచ్చే సిగ్నల్ టైమే, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. చాలాచోట్ల సెకనుకు 1.2 మీటర్ల నడక లెక్కేస్తారు, అంటే 12 మీటర్ల రోడ్డుకి 10 సెకన్లు, కానీ చేతికర్రతో మెల్లగా 0.8 మీటర్ల చొప్పున నడిచే పెద్దాయనకి 15 పడుతుంది, ఆ మిగతా 5 సెకన్లూ ఆయన బండ్ల మధ్యే ఉంటాడు పాపం.

వినతిపత్రంలో ఉత్తినే "భద్రత కావాలి" అంటే సరిపోదు, రోడ్డు మధ్యలో ఆగడానికి ఐలాండ్ (చిన్న గట్టు), 30 కిలోమీటర్ల స్పీడ్ లిమిట్, ఇలా విడివిడిగా రాసి రసీదు తీసుకోండి.