ఎండలో పూచే పెరడు – మూడవ పాఠం: విత్తనం నుంచి మొదటి వేసవి దాకా

పెరట్లో ఏ మూల ఎంతసేపు ఎండ పడుతుందో కిందటి పాఠంలో గుర్తు పెట్టుకోమన్నాను. రోజుకు ఆరు గంటలకు తగ్గని ఎండ ఉన్న చోటు మీకు దొరికిందనుకుని ముందుకు వెళ్తున్నాను. ఈసారి మూడు మొక్కలు చాలు: తంగేడు, వెంపలి, ముళ్లగోరింట. మూడూ మెట్ట పొలాల గట్ల మీద ఎవరూ చెంబెడు నీళ్లు పోయకపోయినా ఏటేటా చిగిర్చి పూచేవే. అడవిపూలు కదా, గింజ చల్లితే వాటంతటవే వస్తాయి అనుకోవద్దు. గట్టు మీద నూరు గింజలు రాలితే ఏ ఒకటో రెండో చెట్టవుతాయి. మన దగ్గర ఉండేది గుప్పెడు గింజలు.

తంగేడు కాయ గోధుమరంగుకు తిరిగి, వేళ్ల మధ్య నలిపితే పెళపెళ విరగాలి. అంతకు ముందు కోసిన గింజ మొలవదు. ఒక్కో పొదనుంచి నాలుగైదు కాయలు మాత్రమే తీసుకోండి, మిగిలినవి ఆ గట్టువి. వెంపలి కాయలు చిన్నవి, వాటినీ బాగా ఎండాకే కోయాలి. ముళ్లగోరింట సంగతి వేరు. దాని కాయలో రెండే గింజలుంటాయి. పండి ఎండిన కాయ చిటపటమని పగిలి వాటిని దూరంగా విసిరేస్తుంది. కాబట్టి కాయ రంగు మారుతుండగానే కొమ్మకు పాత నూలుగుడ్డను సంచిలా కట్టండి. దొరికిన గింజల్లో ఒకదాన్ని నీటిచుక్కలో వేసి చూడండి. ఒంటికి అంటుకుని ఉన్న నూగు నీరు తగలగానే లేచి జిగురుగా మారుతుంది. వాన పడిన చోటే నేలను పట్టుకుని ఉండిపోవడానికి ఆ గింజ చేసుకున్న ఏర్పాటు అది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

తంగేడు, వెంపలి గింజల పెంకు గట్టిది, నీటిని లోపలికి రానివ్వదు. నీళ్లు మరిగించి, పొయ్యి మీదనుంచి దించి, తెర్లడం ఆగాక అందులో గింజలు వేసి తెల్లవారేదాకా వదిలేయండి. పొయ్యి మీద ఉడికించకూడదు. ఉదయానికి ఉబ్బినవి విత్తడానికి సిద్ధమైనట్టే. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క కొద్దిగా రుద్ది మళ్లీ నానబెట్టండి. ముళ్లగోరింటకు ఇదేమీ అక్కర్లేదు.

ఇక విత్తే వేళ. రోహిణి కార్తె ఎండల్లోనే చోటు తవ్వి ఉంచుకోండి. తొలి జల్లుకే తొందరపడి విత్తితే, ఆ తరువాత పది రోజులు వాన మొహం చాటేసినప్పుడు మొలకలు మాడిపోతాయి. మృగశిరలో రెండు మంచి వానలు పడి, నేల జానెడు లోతున తడిసిందని గునపంతో చూసుకున్నాకే విత్తండి. గింజ మందానికి రెండింతల లోతు చాలు. నర్సరీ సంచుల్లో పెంచి నాటుదామంటే తంగేడు, వెంపలి ఒప్పుకోవు. వాటి తల్లివేరు నెల తిరక్కుండానే సంచి అడుగుకు చేరి చుట్టలు చుట్టుకుంటుంది, ఆ చుట్ట తరువాత విడదు. నేరుగా నేలలోనే విత్తండి.

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను. కరువును తట్టుకునే మొక్క అనగానే మన భయమంతా మే నెల ఎండ మీద ఉంటుంది. నా పెరట్లో ఎండకు పోయినవాటికన్నా అక్టోబరు నీటికి పోయినవే ఎక్కువ. మన ఉత్తరాంధ్రది తుపానుల తీరం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. రెండు రోజులు నీరు నిలిస్తే గాలాడక వేరు కుళ్లుతుంది. పైన ఆకు పచ్చగానే కనిపిస్తుంది కనుక మనకు తెలియదు. నీళ్లు తీశాక వారానికి మొక్క ఒక్కసారిగా వాలిపోతుంది. అందుకే విజయనగరం వైపు అడుగున బంకమన్ను ఉన్న ఎర్ర నేలల్లో పాదు చేయకండి, దిబ్బ చేయండి. జానెడు ఎత్తు, రెండు మూరల వెడల్పు, మట్టిలో మూడో వంతు గరుసు, అంటే సన్న కంకర. విత్తనం దిబ్బ నెత్తిన ఉండాలి. శ్రీకాకుళం తీరాన ఉన్న ఉద్దానం ఇసుక నేలల వారికి ఈ శ్రమ లేదు, అక్కడ నీరు దానంతటదే దిగిపోతుంది.

ఎరువు వద్దు. మొదటి ఏడాది ప్రేమకొద్దీ నేను పశువుల ఎరువు దండిగా వేసి, రోజూ సాయంత్రం నీళ్లు పోశాను. తంగేడు నడుమెత్తు పెరిగింది. ఏప్రిల్లో పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి నిలువునా ఎండిపోయి ఉంది. పీకి చూస్తే వేళ్లన్నీ జానెడు లోపే అల్లుకున్నాయి. రోజూ పైనే తడి దొరుకుతుంటే అవి కిందికి ఎందుకు దిగుతాయి? ఆ మొక్కను నేనే అలా పెంచానని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వానలు ఆగాక, కార్తీకం నుంచి రెండు వారాలకొకసారి, నేల లోతుగా తడిసేలా నిదానంగా నీళ్లు పెట్టండి. మొదటి వేసవిలో పది రోజులకొకసారి. మధ్యలో జాలిపడకండి. మధ్యాహ్నం ఆకు వాలి సాయంత్రానికి లేస్తే అది దాహం కాదు, ఎండనుంచి తనను తాను కాపాడుకోవడం. తెల్లవారి కూడా ఆకు వాలే ఉంటే ఆ రోజే నీళ్లు పోయండి. రెండో వేసవికి ఈ లెక్కతో పని ఉండదు.

కలుపులో వయ్యారిభామ కనిపిస్తే పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా తీసేయండి. దాని పుప్పొడి, ఆకు చాలామందికి ఒళ్లంతా దురద తెస్తాయి.

వచ్చే పాఠం లోపు ఒక పని చేయండి. దిబ్బ మీద ఒకే చోట మూడేసి గింజలు విత్తండి. ఆరు వారాల తరువాత వాటిలో బలహీనంగా ఉన్న ఒక మొలకను, చుట్టూ మట్టి తవ్వి, వేరు తెగకుండా పైకి తీయండి. కాండం ఎంత ఉంది, వేరు ఎంత ఉంది కొలిచి రాసుకోండి. వేరు పొడవు కాండానికి రెండింతలు ఉంటే మీ నీటి లెక్క సరిగ్గా ఉన్నట్టు. సమానంగా ఉంటే నీళ్ల మధ్య ఎడం పెంచండి. కత్తిరింపుల పాఠానికి ఆ కొలతలు కావాలి, పారేయకండి.